బుడ్డిని తిరగేసి తొడిగిన రోజు

ఆ రోజు మా ట్యాంకు పొంగడానికి కారణం నేనే. ఆ మాట నా భార్యకు చెప్పకుండా ఏళ్లు గడిపాను.

వనపర్తిలో నాకు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. మా మిద్దె మీది ట్యాంకులో నీళ్లు నిండగానే మోటరు తానే ఆగే స్విచ్చు నేనే బిగించాను. అందులో నిలువుగా ఒక గొట్టం, దాని వెంట నీటితో పాటు పైకీ కిందికీ జారే ప్లాస్టిక్ బుడ్డి. బుడ్డిలో అయస్కాంతం ఉంటుంది. గొట్టం లోపల, నీరు చొరబడని సన్నటి గాజునాళికలో, రెండు పలుచని రేకులు. అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. అవి అతుక్కుంటే స్టార్టరు మోటరును నడుపుతుంది, విడిపోతే ఆపుతుంది.

మా బోరు నీళ్లకు బుడ్డి మీద సున్నంలా తెల్లటి పొర కడుతుంది. ఆ పొద్దున కింద మెయిన్ స్విచ్చు ఆపి, బుడ్డిని ఊడదీసి, గీకి, మళ్లీ తొడిగాను. పెబ్బేరులో ఒక రైతు మోటరు కాలిపోయిందని ఫోన్ మీద ఫోన్. ఆ తొందరలో తిరగేసి తొడిగాను. అయస్కాంతం బుడ్డి నడుమ ఉండదు, ఒక కొసకు ఉంటుంది. తిరగేస్తే పనీ తిరగబడుతుంది: నీళ్లతో పైకి తేలినప్పుడు రేకులకు దూరం కావాల్సిన అయస్కాంతం దగ్గరికొస్తుంది. ట్యాంకు నిండితే ఆగాల్సిన మోటరు, నిండాకే నడుస్తుంది.

ట్యాంకు అప్పటికే నిండుగా ఉంది. "నేను పోయినంక మెయిన్ వెయ్యి. మిగతాది అదే చూసుకుంటది" అని నా భార్యకు చెప్పి బండెక్కాను. చెప్పినట్టే వేసింది.

తిరిగొచ్చేసరికి మా మిద్దె నీళ్లన్నీ పక్కింటి పెద్దమ్మ మిద్దె మీదికి పారి, విత్తనానికి ఎండబోసిన పల్లికాయ నానిపోయింది.

"ఊరందరి మోటర్లు బాగుచేస్తవు, నీ ఇంట్ల మోటరే ఆగదాయె!" అంది పెద్దమ్మ, నలుగురి ముందర.

"మిషన్ మంచిగనే ఉంది పెద్దమ్మా. దీనికే తెల్వదు, ఏదో గెలికింది" అని నా భార్యను చూపించాను.

ఆమె నా వైపు చూసింది. "నువ్వు వెయ్యమంటెనే గద వేసిన?" అని మెల్లగా అంది. నేను వినిపించుకోలేదు. పైకెక్కి చూస్తే సంగతి అర్థమైంది. చప్పుడు చేయకుండా బుడ్డిని సరిచేసి దిగాను.

ఆనాటి నుంచి ఆమె మెయిన్ ముట్టలేదు. మెయిన్ ఆపి ఉన్నప్పుడు నేను ఊళ్లో లేకపోతే పక్కింటికి పోయి బిందెతో నీళ్లు తెచ్చుకునేది కానీ తాను వేసేది కాదు.

మొన్న మళ్లీ బుడ్డి శుభ్రం చేసి, ఆమెను మెయిన్ వెయ్యమన్నాను.

"నా చేయి మంచిది కాదయ్యా. నువ్వే వెయ్యి."

నవ్వుతూనే అంది. ట్యాంకులోని స్విచ్చును పూర్తిగా విప్పి, చిన్న బల్బుకు కలిపి, ఆమెను మిద్దె మీదికి పిలిచి చేతిలో పెట్టాను. బుడ్డిని పైకి జరిపింది, బల్బు ఆరింది. తిరగేసి తొడిగి జరపమన్నాను. ఈసారి పైకి జరిపితే వెలిగింది.

ఆమె ఇంకోసారి జరిపి చూసింది. "గట్లయితే ఆనాడు..."

"ఆనాడు నేనే తిరగేసి పెట్టిన. నీకు జెప్పలే."

పక్క మిద్దె మీద పెద్దమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది. నలుగురిలో వేసిన నింద నాలుగు గోడల మధ్య దిగదు. పిట్టగోడ దాకా పోయి పిలిచాను.

"పెద్దమ్మా, జర ఇను. ఆనాడు నీ పల్లికాయ నానబెట్టింది ఇది కాదు, నేను. దీని మీద అబద్ధం చెప్పిన." తర్వాత నా భార్య వైపు తిరిగాను. "తప్పు నాదే. నన్ను మన్నించు."