ఖమర్ నమ్మని కార్డు

1999లో ఖమర్ మహబూబ్‌నగర్ బస్టాండు వెనక కంప్యూటర్ నేర్పే సెంటరు నడిపేది. క్లాసులు అయిపోయాక విమానం నడిపే ఆట ఆడుకోవడమంటే ఆమెకు ప్రాణం. కానీ రన్‌వే దగ్గరపడేసరికి బొమ్మ ఆగి ఆగి కదిలేది, కొండలు తెల్లటి డబ్బాల్లా కనిపించేవి. అందుకని కంప్యూటర్లు బాగుచేసే జానయ్యకు చెప్పి, హైదరాబాదు నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెప్పించింది.

అతను తెచ్చిన కార్డును కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"డబ్బా కొత్తదే. మరి కార్డుకు స్క్రూ బిగించిన గీతలెందుకున్నయ్ జానయ్యా? ఎవరో వాడి పడేసింది తెచ్చినవా?"

"లేదక్కా, కొత్తదే."

"డబ్బా మీద ఎనిమిది ఎంబీ మెమరీ అని రాసున్నది. లోపల నాలుగే ఉంటే? జర పెట్టి చూపెట్టు."

జానయ్య మొహం చిన్నబోయింది. కంప్యూటర్ విప్పి కార్డు బిగించాడు. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద ఎనిమిది అనే పడింది. అయినా ఖమర్‌కు నమ్మకం కుదరలేదు.

"మరి గా గీతలు?"

"నాకు గూడ దుకాణపాయన మీద అనుమానమే అక్కా. మా ఇంట్ల కంప్యూటర్‌కు బిగించి చూసినంకనే నీకు తెచ్చిన, గా గీతలు అప్పటివే. ఖరాబు మాల్ ఇస్తే నువ్వు మళ్ల పిలుస్తవా?"

ఖమర్‌కు సిగ్గనిపించింది. అయినా అతన్ని పోనివ్వలేదు. విమానాన్ని లేపి, కొండల మీదుగా తిప్పి, ఒక్క కుదుపు లేకుండా రన్‌వే మీద దించాకే కుర్చీలోంచి లేచింది.

"కూసో జానయ్యా, చాయ్ పెడ్త" అంది.