తిప్పయ్య వేసే మార్కులు

తెల్లవారగానే స్నానం చేసి, ఆంజనేయస్వామి పటానికి దండం పెట్టుకుని, తిప్పయ్య వీధిలోకొచ్చి కనపడిన వాళ్లందరికీ మార్కులు వేసేవాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా. ఒకటి వస్తే మహారాజు. తొమ్మిది వస్తే అంతే సంగతులు.

ఈ తలకిందుల లెక్క ఆయనకు ఉద్యోగం నేర్పింది. అనంతపురం దగ్గర ఒక విత్తన పరిశోధన క్షేత్రంలో ముప్పై ఏళ్లు వేరుశనగ ఆకులు చూశాడు. అదే వాన, అదే ఎర్రమట్టి, అదే ఆకుమచ్చ తెగులు. అయినా ఒక రకం మోడైపోతుంది, పక్క రకం పచ్చగా నిలుస్తుంది. ఆ తట్టుకునే గుణం మందు కొడితే వచ్చేది కాదు, పుట్టుకతోనే విత్తనంలో ఉండేది. దాన్ని పట్టుకోవాలంటే ప్రతి సాలుకూ మార్కులు వేయాలి. మచ్చ లేకపోతే ఒకటి, ఆకులన్నీ రాలితే తొమ్మిది.

రిటైరయ్యాక ఆకులు దొరకలేదు. మనుషులు దొరికారు.

ఒకనాడు తిప్పయ్య హోటల్ గంగాధరప్ప చేసిన బొరుగుల ఉగ్గాని తిని, కారానికి కళ్లు తుడుచుకుంటూ, "ఎనిమిది" అన్నాడు. గంగాధరప్ప ఉబ్బిపోయి 'మా ఉగ్గానికి తొమ్మిదికి ఎనిమిది' అని బోర్డు కట్టాడు. బోర్డు చూసి దిగిన లారీ డ్రైవర్లు ఒక్కో ముద్దకూ ఒక్కో చెంబు నీళ్లు తాగిపోయారు. అసలు సంగతి తెలిశాక గంగాధరప్ప వారం రోజులు తిప్పయ్యకు టీ పోయలేదు.

ఎదురింటి బయమ్మకు ఇదంతా ఒళ్లుమంట. మొగుడు పోయి పదేళ్లు, పిల్లల్లేరు.

"అక్కా, నాలిక సూపీ. చేతులు తిప్పు."

"ఏమప్పా, నేనేమన్నా శెనక్కాయ చెట్టునా?"

"ఆకు పైన బాగనే ఉంటాది. మచ్చ అడుగున ఉంటాది. మూడు."

"నిన్న రెండంటివే!"

"నిన్నటి ఆకు నిన్నటిదక్కా."

తిట్టి పంపేది. కానీ ఆయన రావడం ఆలస్యమైతే చిమ్మిన వాకిలినే మళ్లీ చిమ్మేది. పొద్దుపోయేదాకా ఆమెతో మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు మరి.

ఆ యేడు వారం రోజులు ముసురు పట్టింది. చేలన్నీ మచ్చలు. బయమ్మకు జ్వరం. ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరున్నారు? తిప్పయ్య వచ్చి ఆమె చెయ్యి తిప్పి చూశాడు.

"ఏడు."

"పోనీలే, గంగాధరప్ప ఉగ్గాని కంటే ఒక మార్కు మేలే గదప్పా."

తిప్పయ్య నవ్వలేదు. ఆటో తెచ్చాడు. అనంతపురం ఆసుపత్రిలో డెంగీ అన్నారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నారు.

నాలుగో రోజుకు బయమ్మ లేచి కూర్చుంది. తిప్పయ్య సంచిలోని మార్కుల పుస్తకం తీసి కూడబలుక్కుంటూ చదివింది. గంగాధరప్ప పేరు లేదు. సర్పంచి పేరు లేదు. తనతో కలిపి ఉన్నవి ఆరే పేర్లు. ఆ ఆరుగురూ ఇంట్లో ఒంటరిగా, తమ ఒక్కరికే వండుకునేవాళ్లు.

"ఊరందరికీ మార్కులేస్తావే, రాసుకునేది మమ్మల్నేనా?"

"ఫారంలో రోగం సాలు అని ఏస్తారక్కా. తట్టుకోలేని రకం. దానికి తెగులు పట్టి మిగతా సాళ్లకు సోకాల, అప్పుడే యా రకం నిలబడేదో తెలుస్తాది. రోగం సాలుకు మార్కులు ఎవురూ రాయరు. నేను రాస్తాంటి. 'ఎట్లా పోయేవే గదా తిప్పన్నా, ఎందుకు?' అనె మా ఫారం సైంటిస్టు గౌతమి మేడమ్."

"నువ్వేమంటివి?"

"పోయేటప్పుడు ఒకరన్నా సూడాల గదా మేడమ్, అంటి."

"అంటే నేను పోయే రకమా!"

"విను మల్ల. ఒక యేడు ఆ రోగం సాలులోనే ఒక్క చెట్టు పచ్చగా నిలబడె. నేను రాయకుంటే ఎవురికి తెలుసు? ఆ కాయలు మేడమ్ విత్తనానికి దాచె. నువ్వు ఆ చెట్టువిలే అక్కా."

బయమ్మ పేర్లు మళ్లీ లెక్కపెట్టింది.

"నీ పేరు యాడప్పా? నువ్వూ ఒక్కనికే గదా వండుకునేది."

తిప్పయ్య చెవి మీద పెన్సిల్ తీశాడు. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"నా ఆకు అడుగు నేనెట్లా సూసుకుందునక్కా? ఇంటికి పోయినాక, పొద్దున్నే మా గడప కాడికొచ్చి ఒక్క నంబరు చెప్పిపో. ఎంతైనా సరే."

నాలుగు రోజుల గడ్డం, బెంచీ మీద నలిగిన చొక్కా. బయమ్మ ఆయన్ను కిందికీ పైకీ చూసి పెన్సిల్ మొన నాలుకకు అద్దుకుంది.

"ఇంటికి పోయేదాకా ఎందుకు? నాలిక సూపీ."