అట్ట లోపల అంటించిన ఇంటర్వ్యూ

ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు, ఆనాటి పత్రికల మీద ముద్ర వేసి బల్లల మీద పరుస్తుండగా మరియమ్మ లోపలికి వచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన రెండో ఏడు. దేవరకొండ శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుడిగా నేను బదిలీపై వచ్చి అయిదు నెలలు.

అక్కడ నేనొక పని అలవాటు చేసుకున్నాను. కొత్త నవల రాగానే ఆ రచయిత ఇంటర్వ్యూ ఏ ఆదివారం అనుబంధంలో పడిందో వెతికి, కత్తిరించి, ముందు అట్ట లోపల అంటించేవాడిని. నిల్వ గడువు తీరి వేలానికి కట్టిపెట్టిన పత్రికలనే కత్తిరించేవాడిని. నా భార్య చనిపోయిన సంవత్సరం అది. ఆదివారాలు ఆ పనితో గడిచేవి.

మరియమ్మ కైకిలి, అంటే కూలి పనులు, చేసుకునే మనిషి. చదువు రాదు. హైదరాబాదులో మాస్టరుగా ఉన్న ఆమె కొడుకు రాసిన మొదటి నవల మా దగ్గర ఉంది. అందులో ఒక తల్లి జ్వరంతో ఉన్న పసిబిడ్డను గట్టు మీద వదిలి నాట్లలోకి దిగుతుంది. బిడ్డ చనిపోతుంది. కాలేజీ పిల్ల ఒకామె పుస్తకం తీసుకుపోయి, ముందు ఇంటర్వ్యూ, తర్వాత నవల వాడలో చదివి వినిపించింది. ‘ఆ తల్లి మా అమ్మే’ అని ఇంటర్వ్యూలో ఉంది.

“పత్తి ఏరంగ అంటున్నరు సారూ, ‘పిల్లను ఇడిసి కైకిలి చేసినవట, గట్టి గుండె నీది అక్కా’ అని. నా బిడ్డ దవాఖానల నా ఒడిలనే పోయింది. పుస్తకం ఉండనియ్యి. కతల తల్లి ఎట్లన్న ఉంటది. గా కాయితంల ఉన్నది నేను. జర గది తీసెయ్యి.”

నెల దినాలుగా కొడుకు ఫోను చేస్తే తాను ఎత్తడం లేదని కూడా చెప్పింది.

పుస్తకం తెచ్చి చూశాను. ముక్క అడుగు అంచు వంకరగా ఉంది. అట్టలో పట్టలేదని చివరి పేరా నేనే వదిలేశానని గుర్తొచ్చింది. వెనక గదిలో ఆ కట్ట ఇంకా వేలానికి పోలేదు. మిగిలిన పేరా దొరికింది, చదివి వినిపించాను. బిడ్డను గట్టు మీద వదిలిన ఘట్టం తాను కల్పించిందేననీ, తన చెల్లెలు తల్లి ఒడిలోనే పోయిందనీ అతను చెప్పాడు.

“వాడు చెప్పిండా?”

“చెప్పిండమ్మా. కోసింది నేను.”

ఆ పేరా కూడా ఎదుటి పేజీలో అంటిస్తానన్నాను.

“వద్దు సారూ. ముందుగాల విన్నదే జనాలకు యాదుంటది. అది తియ్యి. ఇది నాకియ్యి.”

ఇచ్చాను. కొంగున ముడివేసుకుంది. ఫోను చేయడానికి బయట మెట్ల మీద కూర్చుంది. “ఏమ్రా, తిన్నవా?” అనడం వినిపించింది.

తడిగుడ్డతో కాగితం తీశాను. దాంతోపాటు గ్రంథాలయం ముద్ర సగం ఊడింది. పుస్తకాలకు వరుస సంఖ్యలిచ్చి నమోదు చేసే పరిగ్రహణ రిజిస్టరులో, రిమార్కుల గడిలో, ‘గ్రంథపాలకుని పొరపాటు వల్ల ముద్ర సగం పోయింది’ అని రాసి సంతకం చేశాను.

రచయిత మాట పాఠకుడికి సాయపడుతుందని అనుకున్నాను. దాన్ని నవల కంటే ముందు పెట్టకూడదని, సగం కోసి అసలే పెట్టకూడదని ఆమె వల్ల తెలిసింది. తక్కిన పుస్తకాల్లోని ముక్కలు కూడా ఆ నెలలోనే తీసేశాను. ఆ గ్రంథాలయంలో ఇప్పుడు పుస్తకాలకు ఇంటర్వ్యూలు అంటించడం లేదు.