గేటు లేని కాలేజీ

మా టీచరమ్మ పోయారన్న కబురు నేను ఆఫీసులో ఉండగా వచ్చింది. ఫోను చేసింది ఆవిడ భర్తే. మేమంతా సారు అని పిలిచే ఆయన ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసే మనిషి. ఆ రోజూ అంతే. "మీ టీచరు పాయ, పాపా. పొద్దున టీ కాస్తా కాస్తా కూలబడింది. ఆస్పత్రికి పోయేలోపలే అయిపాయ," అన్నారు. నేను ఏదో అనబోతుంటే వినిపించుకోకుండా, "నువ్వు రావల్ల. ఆ కాలేజీలో ఏం చేసిందో, యాడ తిరిగిందో నాకు చెప్పల్ల. ఒక్క మాటన్నా చెప్పకుండానే పాయ," అన్నారు.

అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. కడిగిన కప్పునే మళ్లీ కడిగాను. కారు తాళాలు చేతిలో పెట్టుకుని తాళాల కోసం సొరుగులన్నీ లాగాను. సౌదీలో నేనుండే దమ్మాం నుంచి సారు వాళ్లుండే రాస్ తనూరాకు బయలుదేరి, దారిలో పెట్రోలు బంకు కనిపించిన ప్రతిచోటా ఆగాను. పెట్రోలు అక్కర్లేదు. వెనక్కి తిరిగి పోదామా అని ఆగడం, అంతే.

సంగతి ఇదీ. పోయినేడు ఆకులు రాలే కాలంలో నేనూ టీచరమ్మా కలిసి అమెరికాలో, ఐయోవా రాష్ట్రంలో నేను చదువుకున్న చిన్న కాలేజీకి వెళ్లొచ్చాం. పాత విద్యార్థులంతా కలుసుకునే రోజులవి. సారుకు సెలవు దొరకలేదు. తిరిగొచ్చాక టీచరమ్మ ఆయనకు ఆ ప్రయాణం గురించి నోరు విప్పలేదు. "చెప్పను పో. ఫైనల్ ఎగ్జిట్ కొట్టినాంక మనిద్దరం పోదాం. నీ కండ్లతో నువ్వే చూడు," అని పంతం పట్టారు. సౌదీలో ఉద్యోగం ముగించి ఇక రానని వెళ్లిపోయే ఆ ముద్ర కోసం కాగితాలు కూడా పెట్టుకున్నారు. ఇంతలో ఇలా అయింది. ఆవిడ అక్కడ ఎలా ఉన్నారో చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అక్కడ ఆవిడ నాతో అన్న మాట ఒకటుంది. అది ఆయనతో చెప్పాలా, మింగేయాలా? బంకుల దగ్గర ఆగి నేను తేల్చుకోలేకపోయింది అదే.

టీచరమ్మది కడప వైపు. ఇండియన్ స్కూల్లో మాకు సోషల్ చెప్పేవారు. క్లాసులో ఆవిడ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు ఎవరూ లేరు. "నేను కూసుంటే పాఠం కూడా కూసుంటాది," అనేవారు. కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా తిరుగుతూ నదుల పేర్లు చెబుతుంటే మా మెడలు అటూ ఇటూ తిరిగేవి. ఇంట్లోనూ అదే వరస. మేం చదువుకునే రోజుల్లో ఇక్కడ ఆడవాళ్లు బండి నడపడానికి లేదు. ఎండలో నడిచి వెళ్లే ఊరూ కాదు. గడప దాటాలంటే సారు డ్యూటీ నుంచి రావాలి, చుట్టూ గోడ కట్టిన కంపెనీ ఇళ్ల కాంపౌండ్ గేటు దగ్గర కార్డు చూపించాలి, లోపలికి వచ్చేటప్పుడు మళ్లీ చూపించాలి. ఊరంతా తిరగాల్సిన కాళ్లు పాపం ఆ వంటింటికీ బాల్కనీకీ మధ్యే తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం మాకు నవ్వులాటగా ఉండేది.

మమ్మల్ని అమెరికా నడిమధ్యన, మొక్కజొన్న చేలలో ఉండే చిన్న చిన్న కాలేజీలకు తోలింది ఆవిడే. "పెద్దూర్లకు పోతే మళ్లా మనోళ్ల మధ్యనే పడతారు. ఊరు పేరు చెప్తే ఎవురికీ తెలీని చోటికి పోండి," అని మా అమ్మానాన్నలతో పోట్లాడేవారు. మా అమ్మ ఒకసారి నోరు చేసుకుంది కూడా. "మీకేమండీ, ఎన్నైనా చెబుతారు. అక్కడ చలికి బిగుసుకుపోయేది మా పిల్ల," అంది. టీచరమ్మ ఏమాత్రం తగ్గలేదు. "బిగుసుకుపోతే నాకు ఫోను చేయమను. నేను తిట్టి కరిగిస్తా," అన్నారు.

అలా వెళ్లిన మేము సెలవులకు వస్తే శుక్రవారం పొద్దున్నే ఆవిడింట్లో హాజరు వేయించుకోవాలి. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కింద పరిచి భోంచేసే పల్చటి ప్లాస్టిక్ సుఫ్రా మీద అందరం కూర్చునేవాళ్లం. తినడం అయ్యాక ఆ సుఫ్రా తీసేయనిచ్చేవారు కాదు. వంటింట్లోంచి డబ్బాలు మోసుకొచ్చి మా ముందు పోసేవారు. "ఇంగ పెట్టు నీ కాలేజీ," అనేవారు. కందిపప్పు డబ్బా లైబ్రరీ, ఉప్పు డబ్బా చర్చి, ఊరగాయ సీసా గంట స్తంభం. మనం టీ తాగిన గ్లాసు మనం. ఆ గ్లాసును చేత్తో జరుపుతూ, పడుకునే గది నుంచి తినే హాలు దాకా ఆవిడను నడిపించాలి. దారిలో ఎవరు కనిపిస్తారు, ఎక్కడ మంచు గడ్డ కట్టి కాలు జారుతుంది, ఏ మలుపు దగ్గర అమ్మ గుర్తొస్తుంది, అన్నీ చెప్పాలి. చెప్పేవాళ్లు కూర్చునేవారు. వినే ఆవిడ మాత్రం సుఫ్రా చుట్టూ తిరుగుతూనే ఉండేవారు.

అందరినీ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "గేటు యాడ?"

ఒక కుర్రాడు మామయ్యతో కలిసి ఓ కాలేజీ చూసి వచ్చాడు. ఎర్రటి ఆకులు, ఇటుక మేడలు, పచ్చిక మీద పుస్తకాలు చదువుకునే పిల్లలు అంటూ కరపత్రం చదివినట్టు చెప్పుకుపోయాడు. టీచరమ్మ వాడి గ్లాసు తీసి పక్కన పెట్టేశారు. "చూసొచ్చినోడు చెట్లు చెప్తాడు, ఉండొచ్చినోడు దార్లు చెప్తాడు. నువ్వింకా పోలేదులే నాయనా, బజ్జీ తిను," అన్నారు. ఒహాయోలో చదివే అమ్మాయి, "ఏముంది టీచర్, ఆదివారం సాయంత్రం ఒక్క కొట్టు తెరిచుండదు. నేనూ ఉడతలూ," అంటే మాత్రం ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆ, ఇది నిజం. ఇంగా చెప్పు," అన్నారు.

నా వంతు వచ్చినప్పుడు నేను గేటు సంగతి చెప్పాను. పుట్టి బుద్ధెరిగింది కాంపౌండ్‌లో. ఏ చోటికైనా గోడ ఉంటుంది, గోడకు గేటు ఉంటుంది, గేటు దగ్గర కాగితం అడిగే మనిషి ఉంటాడు అన్నది నాకు నీళ్లు పల్లానికి పారతాయన్నంత ఖాయం. బస్సు నన్ను కాలేజీ పేరున్న రాతిపలక దగ్గర దింపి వెళ్లిపోయింది. నేను పెట్టె పక్కన పెట్టుకుని, పాస్‌పోర్టూ కాలేజీ వాళ్ల కాగితాలూ చేతిలో పట్టుకుని, ఎవరైనా వచ్చి చూస్తారని నిలబడ్డాను. ఎంతకీ ఎవరూ రారే. చివరికి గడ్డి కోసే బండి మీద వెళ్తున్న పెద్దాయన్ని ఆపి, గేటు ఎటువైపు అని అడిగాను. ఆయన బండి చప్పుడు వినపడకుండా చెవులకు పెట్టుకున్నవి తీసి, అటూ ఇటూ చూసి, "నువ్వు లోపలే ఉన్నావమ్మా," అన్నాడు.

ఇది విని టీచరమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత నడక ఆపి నిలబడిపోయారు. ఆవిడ ఊరికే నిలబడగా చూడడం నాకదే మొదలు. "ఎవురూ అడగలేదా? ఏమీ చూపించమన్లేదా?" అని మళ్లీ మళ్లీ అడిగారు.

గేటు లేకపోవడం వినడానికి బాగుంటుంది గాని, నాకు మాత్రం మొదటి చలికాలం నరకమే. లోపలెక్కడో బయటెక్కడో తెలియదు. దూరంగా మనం వస్తుంటే చూసి తలుపు తెరిచి పట్టుకుంటారు, పాపం వాళ్ల చేయి నొప్పెడుతుందని మనం పరుగెత్తాలి. ఎలా ఉన్నావని అడుగుతారు, జవాబు చెప్పేలోపు దాటిపోతారు. లైబ్రరీ బల్ల మీద లాప్‌టాప్ వదిలేసి భోజనానికి పోతారు, ఎవరూ ముట్టుకోరు. ఇంత మంచివాళ్ల మధ్య ఇంత ఒంటరిగా ఉంటారా అని ఏడుపొచ్చేది. అమ్మకు అంతా బాగుందనే చెప్పాను. సుఫ్రా మీద మాత్రం అబద్ధం ఆడలేక, నా గ్లాసును డబ్బాలకు దూరంగా, అంచున పెట్టి, "ఇక వెళ్లను టీచర్," అన్నాను. ఆవిడ ఓదార్చలేదు. "కూసోలేనప్పుడు నడువు పాపా. నీకు అంత చోటుంది, గేటు లేదు. నాకుంటేనా!" అన్నారు, కొంచెం కోపంగానే. ఆ కోపం పట్టుకునే నేను వెనక్కి వెళ్లాను. కోటు మీద కోటు వేసుకుని పిచ్చిదానిలా నడిచాను. నడిచేవాళ్లను ఆ ఊళ్లో కుక్కలు ముందు గుర్తుపడతాయి, ఆ తర్వాత వాటి యజమానులు. అలా మొదలైంది నా చదువు.

అందుకే ఆవిడను తీసుకెళ్లాలని నాకు అంత పట్టుదల. వీసా ఇచ్చే కిటికీ దగ్గర, ఆ మారుమూల కాలేజీలో మీకేం పని అని అడిగితే, "పిల్లోళ్లు చెప్పింది నిజమో కాదో చూసేదానికి," అన్నారట. లోపలి మనిషి నవ్వి ఇచ్చేశాడట.

రాతిపలక దగ్గర కారు ఆపమన్నారు. దిగారు. పచ్చిక అంచున నిలబడి, చేతిసంచి తెరిచి పాస్‌పోర్టు బయటికి తీశారు. గేటు లేదని ఎన్నిసార్లు గ్లాసు జరిపించి చెప్పించుకున్నారో ఆవిడే! నేను ఫక్కున నవ్వాను. ఆవిడ చేతిలోని పాస్‌పోర్టు వంక చూసుకుని, మెల్లగా మళ్లీ సంచిలో పెట్టుకుని, చెప్పులు సర్దుకుని లోపలికి అడుగు వేశారు. అంతే, ఇక ఆగలేదు. "లైబ్రరీ ఇటుపక్క పెట్టల్ల, నువ్వు అటుపక్క పెట్టినావు," అని నన్ను తిట్టారు. తలుపు పట్టుకున్న ప్రతి పిల్లాడి దగ్గరా ఆగి, ఎలా ఉన్నావని అడిగినందుకు పూర్తిగా జవాబు చెప్పారు, మోకాలి నొప్పితో సహా. వాళ్లూ నిలబడి విన్నారు. అక్కడ చదివిన అన్నేళ్లలో నాకు తోచని పని అది.

ఒక మధ్యాహ్నం ఆవిడ కనిపించలేదు. తినే హాలు, చర్చి, లైబ్రరీ అన్నీ వెతికి, కంగారుగా కాలేజీ వెనక్కి పరుగెత్తాను. పచ్చిక అయిపోయి కోసేసిన మొక్కజొన్న చేను మొదలయ్యే చోట, ఓ చెక్క బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అవును, కూర్చుని. నన్ను చూసి లేవలేదు. "నేనింగ రాను పాపా. ఈడనే ఉంటా. ఆయప్ప ఎట్లనో బతుకుతాడులే," అన్నారు. ఆయప్ప అంటే సారే. నవ్వుతూ అనలేదు. చలి ముదిరేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. మర్నాడు విమానంలో మాత్రం నా చేయి తట్టి, "వచ్చే యేడు ఆయప్పను తోలకరావల్ల. ఆ బెంచీ మింద కూసోబెట్టల్ల," అన్నారు.

నేను వెళ్లేసరికి సారు ఫ్లాట్ నిండా కాగితాలు. ఆవిణ్ని కడపకు తీసుకెళ్లడానికి కావలసిన సంతకాల కోసం స్నేహితులు తిరుగుతున్నారట. "ఆమెకు నాకు ఒకేపారి ఎగ్జిట్ కొడతాండారు చూడు," అన్నారు సారు. పోయినవాళ్లకు కూడా ఇక్కడ కొట్టేది ఆ ముద్రే. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. తిరిగి వచ్చి చూస్తే ఆయన కింద సుఫ్రా పరిచి, డబ్బాలు తెచ్చి కుప్పగా పెట్టుకుని కూర్చున్నారు. పక్కన టీచరమ్మ స్టీలు గ్లాసు ఉంది. ఇన్నేళ్లూ మేం వచ్చినప్పుడు ఆయన పక్కగదిలో పేపరు చదువుకుంటున్నారనే అనుకున్నాం. ఏ డబ్బా ఏదో అన్నీ తెలుసు ఆయనకు.

లైబ్రరీని ఈసారి సరైన పక్కన పెట్టాను. ఆవిడ గ్లాసు జరుపుతూ అంతా చెప్పాను. పాస్‌పోర్టు తీయడం, మోకాలి నొప్పి చెప్పడం, నన్ను తిట్టడం. చేను అంచున బెంచీకి అగ్గిపెట్టె పెట్టి, గ్లాసును దాని పక్కకు తెచ్చేసరికి చేయి ఆగిపోయింది. సుఫ్రా మీద అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. ఆవిడ అన్న మాట, అన్నట్టే, చెప్పేశాను.

సారు అగ్గిపెట్టె మీద వేలు పెట్టారు. "కూసున్నాదా?" అన్నారు.

"కూర్చున్నారు సార్."

"అంత బాగుండిందా ఆ చోటు?"

"బాగుంది సార్. మిమ్మల్ని తీసుకురావాలన్నారు. ఆ బెంచీ మీదే కూర్చోబెట్టాలన్నారు."

ఆయన తల ఊపారు. కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేశారు. చల్లారిపోయిన టీని ఒక్క గుక్కలో తాగి, ఆవిడ గ్లాసును వెనక్కి లాగి సుఫ్రా బయట నేల మీద పెట్టారు. దాని పక్కనే తన గ్లాసు పెట్టారు.

"ఇంగ మొదట్నుంచి నడిపించు. గేటు యాడ?"

"గేటు లేదు సార్. వచ్చేయండి," అన్నాను.

ఆయన రెండు చేతులతో రెండు గ్లాసులనూ మెల్లగా సుఫ్రా మీదికి జరిపారు.