ఎనిమిది మడులు

టెక్సస్‌లో, ఇర్వింగ్ ఊళ్ళోని మా ఇంటి పెరట్లో కుళాయి తిప్పితే, ఎండకు కాగిన రబ్బరు పైపులోంచి ముందు వేడి నీళ్ళు వస్తాయి. వాటికి ఒక కమురు వాసన. అది ముక్కుకు తగిలినప్పుడల్లా మా కోటేశ్వర్రావు గారు గుర్తొస్తారు. ఎనభైల మొదట్లో ఇక్కడి ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర నేను పీహెచ్‌డీ చేశాను. తెనాలి దగ్గరి మనిషి. కుర్రతనంలో వాళ్ళ ఊళ్ళో ఉమ్మడి సేద్యపు సంఘం పెట్టారట. అది రెండేళ్ళకే విడిపోతే, మనసు విరిగి పైచదువుకని ఇక్కడికి వచ్చేశారట. వచ్చినా ఆ నమ్మకం మాత్రం వదల్లేదు. ఊరంతా కలిసి సాగుచేసే చైనా కమ్యూన్ల మీదే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు.

క్యాంపస్ వెనక మా ఎనిమిది తెలుగు కుటుంబాలకు కూరగాయలు వేసుకోమని యూనివర్సిటీ వాళ్ళు కాస్త నేల ఇచ్చారు. పంచుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. "అందరం కలిసి చేద్దాం, అందరం కలిసి తిందాం" అన్నారు. సరేనన్నాం. తీరా శనివారం పొద్దున కలుపు తీయడానికి రమ్మంటే ఒకరికి ల్యాబ్‌లో ఎక్స్‌పెరిమెంట్, ఇంకొకరికి కారు రిపేరు. కోత రోజు మాత్రం ఎనిమిది కార్లూ వరసగా వచ్చి ఆగేవి! నేనూ తక్కువేం తినలేదు. పరీక్షలని చెప్పి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్న శనివారాలు బోలెడు. మాలో శారద గారు ఒక్కరే పాపం ప్రతి వారం వచ్చి, వంచిన నడుం ఎత్తకుండా అందరి కలుపూ పీకేవారు.

రెండో వేసవికి కలుపు మోకాళ్ళ దాకా పెరిగింది. సరిగ్గా అప్పుడే చైనాలో కమ్యూన్లు తీసేసి పొలాలు ఇంటింటికీ పంచుతున్నారనీ, పంట పెరుగుతోందనీ వార్తలు రావడం మొదలైంది. నేను ఎగిరి గంతేసి, "సార్, నా థీసిస్ ఇదే!" అన్నాను. ఆ ఆదివారం ఆయన కర్రమేకులూ పురికొసా తెచ్చి, "పట్టుకో అమ్మాయ్, నువ్వా చివర నిలబడు" అని తోటను తనే ఎనిమిది మడులుగా కొలిచారు. ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

ఇంక చూడాలి మా హడావుడి! ఆఫీసుకు టై కట్టుకుని, దారిలో దిగి నీళ్ళు పోసి వెళ్ళినవాళ్ళున్నారు. కాసిన సొరకాయలు ఎవరికివ్వాలో తెలియక చచ్చాం. నా మడి చూసుకుని, చైనా నుంచి వస్తున్న వివరాలు చూసుకుని, పంపకమే పరిష్కారమని థీసిస్ ముగించాను. ఒక గ్రామీణాభివృద్ధి సంస్థలో ఉద్యోగం కూడా ఖాయమైంది. ఇక కోటేశ్వర్రావు గారు సంతకం పెడితే చాలు. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, దాని వెనకే వీసా.

ఆయన సంతకం పెట్టలేదు. మిట్టమధ్యాహ్నం నన్ను తోటకు తీసుకెళ్ళారు. చిట్టచివరి మడి బీటలు వారింది. బెండమొక్కలు నిలువునా ఎండిపోయాయి.

"ఇదెవరిది?" అన్నారు.

"శారద గారిదండీ. వాళ్ళాయనకి హార్ట్ ఆపరేషన్ అయింది కదా, రావట్లేదు."

"ఇక్కడిదాకా నీళ్ళు రావట్లేదేం?"

పైపు అతుకు దగ్గర పగిలింది. అది అందరిదీ కాబట్టి ఎవరూ మార్చలేదు. ఎవరి బకెట్టు వాళ్ళు తెచ్చుకున్నారు.

"రోజూ ఈ పక్కనుంచే కదా వెళ్తావు?"

వెళ్ళేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది.

"అయితే కలిపే ఉంచాల్సిందా సార్?"

"కలిపి ఉంచితే ఎనిమిదీ పాడయ్యేవి. చూశాంగా."

"మరి ఏం రాయమంటారు?"

"నాకు తెలిస్తే నేనే రాసేవాణ్ణి అమ్మాయ్. చైనాలో కాలవలు ఎవరు బాగుచేస్తున్నారు? మంచాన పడ్డవాడి పొలం ఎవరు చూస్తున్నారు? నీ థీసిస్‌లో ఒక్క ముక్క లేదు. అది వెతుకు, అప్పుడు పెడతా."

ఆయన్ను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తను నమ్మింది పోయిందన్న కసి నామీద తీర్చుకుంటున్నారనుకున్నాను. మరుసటి వారం శారద గారు తోటకు వచ్చారు. నన్ను చూసి నొచ్చుకుంటూ, "మీ అందరి మధ్యలో నా మడి ఒక్కటే అసహ్యంగా ఉందమ్మా. ఏమీ అనుకోకు, పీకేస్తాను" అన్నారు. అందరి కలుపూ పీకిన మనిషి నాకు సంజాయిషీ చెబుతోంది! ఇంటికెళ్ళి చివరి అధ్యాయం చింపేశాను. నెలల తరబడి లైబ్రరీలో వెతికి మళ్ళీ రాస్తే, అందులో జవాబులకంటే ప్రశ్నలే ఎక్కువ తేలాయి. ఆయన ఏమీ అనకుండా సంతకం పెట్టారు. థీసిస్ మీద ప్రశ్నలడిగే డిఫెన్స్ రోజున ఒక అమెరికన్ ప్రొఫెసర్ "ఇంతకీ ఏది మేలంటావు?" అని అడిగితే, తెలియదన్నాను. డిగ్రీ ఇచ్చారు. ఆలస్యమైనా ఉద్యోగం నిలిచింది.

ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. ఏ ఊరు వెళ్ళినా కాలవ చివరి పొలం ఎవరిదని అడిగి, ముందు అక్కడికే నడిచేదాన్ని. వెళ్ళాక ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయిన రోజులే ఎక్కువ.

చివరిసారి హాస్పిటల్లో చూసినప్పుడు కోటేశ్వర్రావు గారు, "ఏమైనా తేలిందా అమ్మాయ్?" అన్నారు. ఆయన సంతోషం కోసం ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. కానీ "లేదు సార్" అన్నాను.

"నాకూ తేలలేదు. తోట పంచకుండా ఉండాల్సిందో, ఇంకా ముందే పంచాల్సిందో" అని అలసటగా కళ్ళు మూసుకున్నారు.

ఆ రెంటిలో ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. దాటుకుంటూ వెళ్ళిన ఆ రోజుల్లో శారద గారి మడికి నేనొక బకెట్టు నీళ్ళు పోసి ఉండాల్సింది. అదొక్కటే తెలుసు.