బొగత తోవలో మంగయ్య మాట

సారపాక మంగయ్య జీపు పాత కమాండర్ మోడల్. ఎడమ తలుపుకు గొళ్లెం ఊడిపోతే తాడు కట్టుకుని నడిపేవాడు. హారన్ ఒకరోజు మోగితే మూడు రోజులు మోగదు. అయినా భద్రాచలం నుంచి చర్ల, వెంకటాపురం మీదుగా వాజేడు వెళ్లే తోవలో ఆ జీపుకున్న మర్యాద ఆర్టీసీ బస్సుకు కూడా లేదు. కారణం మంగయ్య మాట. బండి నిండిపోయినప్పుడు ఎవరైనా చెయ్యెత్తితే, "వచ్చేటప్పుడు ఎక్కించుకుంట, ఈడనే ఉండు" అనేవాడు. ఆ మాట డ్రైవర్లందరూ అంటారు, మలుపు తిరగ్గానే మరిచిపోతారు. మంగయ్య మాత్రం వానైనా, పొద్దుపోయినా వెనక్కి వచ్చేవాడు. అందుకే గూడేల జనం ఆయన ఉండమన్న చోటే మూటలు దించుకుని ఉండేవాళ్లు. మధ్యలో వేరే బండి వచ్చినా ఎక్కేవాళ్లు కాదు.

వయసులో ఉన్నప్పుడు కాగితం మిల్లుకు వెదురు తోలే లారీ మీద క్లీనర్‌గా చేశాడట. ఒకసారి డ్రైవర్, టైరు తెస్తాను, బొంగుల దగ్గర కావలి ఉండమని చెప్పి వెళ్లి మూడో రోజు వచ్చాడట. "రెండు రోజులు చింతచిగురు నమిలి వాగు నీళ్లు తాగిన సార్. ఎదురుచూసుడంటే ఏందో నాకు ఎరికే" అని నవ్వుతూ చెప్పాడు నాతో. ఆ కథ చెప్పిన రోజు సాయంత్రానికే ఆయన మాట పోయింది. పోగొట్టింది నేను.

నేను మణుగూరు బొగ్గు గనిలో పంపు ఆపరేటర్ని. 2004 ఆగస్టులో ఒక ఆదివారం మా కుటుంబం, మా బావమరిది ప్రభాకర్ కుటుంబం, పిల్లలు కలిపి పదకొండు మందిమి మంగయ్య జీపు మాట్లాడుకున్నాం. చీకటితోనే బయల్దేరి భద్రాద్రి రాముడి దర్శనం చేసుకున్నాం. పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే బండల దగ్గర ఫోటోలు దిగాం. గోదారి ఒడ్డున ఇడ్లీలు తిన్నాం. మా రీలులో ముప్పై ఆరు ఫోటోలుంటే ఇరవై వాజేడు దగ్గరి బొగత జలపాతానికని దాచిపెట్టాను. అంత ముందుచూపు ఉన్న మనిషిని నేను.

వెంకటాపురం దాటి పదిహేను కిలోమీటర్లు పోయాక రోడ్డు పక్కన నులక మంచం కనిపించింది. మంచం మీద నొప్పులు పడుతున్న ఆడమనిషి, పక్కన ఆమె భర్త, అతని తమ్ముడు. ఎవరూ చెయ్యెత్తకముందే మంగయ్య బండి ఆపాడు. దిగి మాట్లాడి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, వెనక్కి పోదం. పోతయ్య నాకు ఎరికైన మనిషే. రాత్రి సంది నొప్పులట, బిడ్డ అడ్డం తిరిగిందంటున్నరు. వెంకటాపురం దవాఖానల దించి మళ్లొద్దం."

అప్పటికే పదకొండు దాటింది. పిల్లలు ఎప్పుడెప్పుడు నీళ్లు చూద్దామా అని గోల చేస్తున్నారు. "ఇంతమందిమి ఉన్నం, మంచం ఏడ పెడ్తవు? కాన్పులంటే అట్లనే ఉంటయి, పొద్దుమీకిందాక సాగుతయి. గంటల చూసొద్దం, వచ్చేటప్పుడు తీసుకపోదం" అన్నాను. నీళ్ల పంపులు నడిపేవాడు కాన్పుల గురించి చెప్పిన తీర్పు అది. మా ఆవిడ ప్రమీల ఏదో అనబోతే, నువ్వూరుకో అన్నాను.

మంగయ్య పోతయ్య దగ్గరికి వెళ్లాడు. "గంటన్నరల వస్త పోతన్నా. ఈడనే ఉండు" అన్నాడు. పోతయ్య తలూపి, తమ్ముడితో కలిసి మంచాన్ని మద్దిచెట్టు నీడకు జరిపాడు.

బొగత నిండుగా దూకుతోంది. కనబడకముందే చప్పుడు వినిపించింది. అప్పట్లో మెట్లు, కంచెలు ఏమీ లేవు. చెట్ల మధ్య నుంచి బండల మీద జారుకుంటూ దిగాలి. తుంపర మొహాన కొట్టగానే పిల్లలు కేరింతలు పెట్టారు. నిజం చెప్పాలంటే నేనూ పెట్టాను. రోడ్డు మీద చూసిన మంచం ఆ నీళ్లు చూడగానే నా మనసులోంచి కొట్టుకుపోయింది.

అరగంటకు మంగయ్య దిగి వచ్చాడు. "సార్, మీరు ఈడ మంచిగ చూస్తుండ్రి. నేను పోయి ఆమెను దవాఖానల దించి మళ్లొస్త" అన్నాడు.

నాకు అనుమానం పుట్టింది. అడవిలో ఆడవాళ్లతో, పిల్లలతో ఉన్నాం, వీడు పోయి దారిలో ఇంకెవరినో ఎక్కించుకుంటే మా గతేమిటని. "జీపు ఇయ్యాల మాది మంగయ్యా" అన్నాను. ప్రభాకర్ నవ్వుతూ, "తాళంచెవి బావ దగ్గర పెట్టు, అయిపాయె" అన్నాడు. వాడు ఎకసెక్కానికి అన్నాడు. నేను నిజంగానే చెయ్యి చాచాను. మంగయ్య నా చేతిని చూసి, నా మొహం చూసి, తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయాడు.

ఒంటిగంటప్పుడు మళ్లీ వచ్చాడు. అప్పుడే మూడు రాళ్లు పెట్టి కోడికూర ఎక్కించాం. "ఉడికినంక తిని పోదం, నువ్వు గూడ తిందువు రా" అన్నాను. ఆయన పైకి వెళ్లిపోయాడు. తినడానికీ రాలేదు. మేము తిని, మళ్లీ ఒకసారి నీళ్లలో దిగి, మిగిలిన ఫోటోలు తీసుకుని పైకి వచ్చేసరికి మూడున్నర. మంగయ్య జీపు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

మద్దిచెట్టు కింద మంచం అలాగే ఉంది. ఆమె కళ్లు మూసుకుని మంచంకోడును పట్టుకుని ఉంది. అరిచే ఓపిక కూడా అయిపోయినట్టుంది. ఎవరూ చెప్పకుండానే ప్రమీల పిల్లలను దింపేసింది. ప్రభాకర్ మిగతా అందరినీ తీసుకుని రోడ్డు మీదే ఆగిపోయాడు. ప్రమీల ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది. నేను వెనక నిలబడి వెళ్లాను. పొద్దున మంచం పట్టదన్న జీపులో ఇప్పుడు మనిషి హాయిగా పట్టింది.

దవాఖానాలో నర్సమ్మ ముప్పావుగంట తర్వాత బయటికి వచ్చింది. తల్లికి గండం గడిచింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. "ఇంకొంచెం ముందు తీసుకరావద్దా" అని మాత్రం అంది.

పోతయ్య వరండా స్తంభాన్ని ఆనుకుని కూర్చున్నాడు. మంగయ్య వైపు చూసి, "ఒంటిగంటకు ఇటుకల ట్రాక్టర్ వచ్చింది అన్నా. ఎక్కిద్దమన్నడు మా తమ్ముడు. నువ్వొస్తనంటివి గదా, జీపుల కుదుపు తక్కువుంటదని నేనే పోనిచ్చిన" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

నేను ఐదడుగుల దూరంలో ఉన్నాను. తాళంచెవి నేనే తీసుకున్నానని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను చెప్పలేదు. మంగయ్య నా వైపు చూడకుండా, "టైరు పంచరైంది పోతన్నా. స్టెప్నీల గూడ గాలి లేకుండె" అన్నాడు. బండి మాట్లాడుకున్నవాళ్లను ఇంకొకరి ముందు దోషులుగా నిలబెట్టడం ఆయనకు చేతకాలేదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో అంత తేలికపడ్డందుకే నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

నెల తిరగకముందే మంగయ్య జీపు అమ్మేశాడని తెలిసింది. అశ్వారావుపేట వైపు నుంచి మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీకి డ్రైవర్‌గా కుదిరాడట. గోదారి బ్రిడ్జి దాటి ఆ గూడేల వైపు పోవడం లేదట. ఇంటికి వచ్చినవాళ్లు మా ఆల్బం తిరగేసి, బొగత ఎట్లుంటది అని అడిగితే, బాగుంటది అని చెప్పి టీ తెమ్మనేవాడిని. ప్రమీల లోపలి నుంచి వచ్చేది కాదు. నిజం చెప్పివద్దామని మూడుసార్లు బస్సెక్కాను. రెండుసార్లు భద్రాచలంలోనే దిగి, దండం పెట్టుకుని తిరిగొచ్చాను. ఒకసారి చర్ల దాకా పోయి, వాన వస్తుందని వెనక్కి వచ్చాను. ఆ రోజు వాన రాలేదు.

ఐదేళ్లకు, 2009లో, పోతయ్య గూడెం చేరాను. ఆయన గుమ్మం ముందు కూర్చుని తడక అల్లుతున్నాడు. ఆయన భార్య ముత్తక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె చేతి నీళ్లు తాగలేక, తాగకుండా ఉండలేక సగం తాగాను. తర్వాత తాళంచెవి సంగతి మొత్తం చెప్పాను. పోతయ్య చేతులు అల్లిక ఆపలేదు.

"టైరు పంచర్ కాలేదని నాకు ఆరోజే ఎరికైంది సార్. దవాఖాన ముందట జీపే గదా ఉన్నది, ఇంకేం జూడాలె నేను? స్టెప్నీ మీద దుమ్ము దుమ్ములెక్కనే ఉండె, దానికి ఎవ్వరు చెయ్యి పెట్టలే."

"మరి మంగయ్యను అడగలేదా?"

"ఆయన మీదేసుకున్నడు. మీదేసుకున్నదాన్ని నేనెట్ల గుంజుత? మీరే వచ్చి చెప్తరేమో అనుకున్న."

ముత్తక్క నా చేతిలోని చెంబు తీసుకుంటూ, "మంగన్నను ఒకపారి రమ్మనండ్రి. మా ముంగట మొఖం చెల్లదనుకొని తోవనే ఇడిసిపెట్టిండు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు సారపాక వెళ్లాను. మిల్లు గేటు ముందు లారీల వరుసలో మంగయ్య కర్ర లోడు మీద తాడు బిగిస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. చెప్పాల్సిందంతా చెప్పాను. ముత్తక్క రమ్మన్నదని చెప్పగానే తాడు వదిలేసి బంపర్ మీద కూర్చున్నాడు.

"తాళంచెవి అడిగితే ఇచ్చిన, అది నా తప్పు. అబద్ధం చెప్పిన, అది గూడ నాదే" అన్నాడు. "కానీ సార్, మీరు మర్నాడన్న పోయి చెప్తే నేను ఆ తోవ ఇడిసేటోన్ని కాదు. ఐదేండ్లు ఆళ్ల మొఖం చూడకుంట బతికిన."

ముందు లారీ కదలడంతో ఆయన లేచి క్యాబిన్ ఎక్కాడు. నేను కింద నిలబడి, వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి పోతయ్య ఇంటికి పోదామా అని అడిగాను.

మంగయ్య ఇంజన్ స్టార్ట్ చేసి, కిటికీలోంచి నన్ను చూశాడు.

"మీతోని గాదు సార్. నేనొక్కన్నే పోత."