అడ్డపట్టీ, నిలువుగీత

తెలుగు నేతగాళ్లు వలసపోయిన మరాఠీ ఊరు కామత్‌ఘర్‌లో రాజమౌళి కార్ఖానాకు పన్నెండు సాంచలు, అంటే కరెంటు మగ్గాలు. ముందుగదిలో ఎనిమిది, వెనకగదిలో నాలుగు. వెనకగది ఒకప్పుడు పక్కవాళ్లది. గోడ కొట్టి కలుపుకున్నారు గాని, కరెంటు మీటరు మాత్రం పాతదే ఉండిపోయింది. దానికి తీగ వెనక గల్లీ స్తంభం నుంచి వచ్చేది. ఈ సంగతి ఎవరికీ గుర్తులేదు, ఓదెమ్మకు తప్ప. ఎవరింట్లో పప్పు మాడిందో, ఎవరి కోడలు పుట్టింటికి పోయి ఎన్నాళ్లయిందో కూడా ఆమెకే గుర్తుండేది.

ఓదెమ్మ పని తాకాలు చూడడం. సాంచ మీద నుంచి కోసి తెచ్చిన గుడ్డ చుట్టను తాకా అంటారు. దాన్ని బల్ల మీద పరిచి, వెలుతురుకు పట్టి చూసి, తప్పున్న చోట నీలి పెన్సిలుతో గుర్తు పెట్టాలి. అది ఏ నెంబరు సాంచదో చీటీ రాయాలి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు సాంచలు ఆమె భర్త లక్ష్మీనర్సయ్య నడిపేవాడు. మొగుని తప్పులు దినాం రాసే భాగ్యం నీకే దక్కిందని తోటి ఆడవాళ్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే రాసేది.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆ నాలుగు సాంచల గుడ్డలో అడ్డపట్టీలు మొదలయ్యాయి. నడిచే సాంచ ఠక్కున ఆగి మళ్లీ అందుకుంటే, ఆ చోట పేక పలచబడి గుడ్డకు అడ్డంగా వేలెడు చార పడుతుంది. తాకాకు ఒకటో రెండో అయితే గుడ్డ కొనే బేపారి చూసీ చూడనట్టు పోతాడు. ఇవి ఇరవై, ముప్పై. గుడ్డంతా తిరిగొచ్చింది.

సాంచలు వాటంతట అవే ఆగుతున్నాయని లక్ష్మీనర్సయ్య అన్నాడు. మరమ్మతులు చూసే జాబర్ భూషణ్ మోటార్లు విప్పాడు, పట్టాలు బిగించాడు. ఏ లోపమూ దొరకలేదు. ముందుగదిలో ఎనిమిదింటికి లేని రోగం వెనక నాలుగింటికే ఎందుకొస్తుందని రాజమౌళి అడిగాడు. బావ సాంచల మధ్య నిలబడే కునుకు తీస్తున్నాడని తనే జవాబు చెప్పుకున్నాడు. సేటే అయినా చుట్టరికంలో ఓదెమ్మకు తమ్ముని వరుస అతను. అందుకే ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఇంకో నెల చూస్త అక్కా. గట్లనే ఉంటే సాంచలు వేరేటోనికిస్త. నన్ను తిట్టుకోకు."

ఇరవై రెండేళ్లుగా లక్ష్మీనర్సయ్యకు ఆ సాంచలే బతుకు. అవి పోతే యాభై దాటిన మనిషిని ఇంకో కార్ఖానా గడప ఎక్కనివ్వరు. ఆ రాత్రి అన్నం పెడుతూ ఓదెమ్మ అదే చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ, "పోనియ్యవే, ఊకో" అన్నాడు. మెత్తని మనిషి, మాటపడడం అలవాటైందనుకుంది ఆమె.

ఊకుండడం ఆమెకు చేతనైతే కదా. మర్నాడు నాలుగు తాకాలూ పక్కపక్కన పరిచింది. నాలుగూ ముందురోజు సాయంత్రం ఒకేసారి కోసినవి. కోసిన అంచు నుంచి వెనక్కి మూరలు వేసుకుంటూ పోయింది. రెండు మూరలకు ఒక పట్టీ, ఆ తర్వాత మూరన్నరకు ఒకటి, తర్వాత జానెడుకే మరొకటి. పక్క తాకా కూడా అంతే, ఆ పక్కదీ అంతే. భూషణ్‌ను చేయి పట్టి లాక్కొచ్చి చూపించింది.

"నీ కండ్లతోని నువ్వే చూడు. నాలుగు సాంచలను ఒక్కపారి ఆపెతందుకు మా ఆయనకేమన్న ఎనిమిది చేతులున్నయా?"

భూషణ్ నెత్తి గోక్కున్నాడు. అట్లయితే కరెంటే అన్నాడు. ముందుగదికి లేని కరెంటు రోగం వెనకగదికెట్ల వస్తదని అడిగితే, వెనకగది మీటరు వేరని, దాని తీగ వెనక గల్లీదని ఓదెమ్మే గుర్తుచేసింది. ఇంకో సంగతి కూడా చూపించింది. పొద్దుటిపూట నేసిన గుడ్డ కడిగినట్టుంది. సముద్రపు పాయ, ఖాడీ వైపు నుంచి గాలి లేచే మధ్యాహ్నం గుడ్డలోనే పట్టీలన్నీ.

ఆ గల్లీల్లో సాంచలు నడిచే రోజున పక్కన పిడుగు పడినా వినబడదు. చెవులు పనిచేసేది శుక్రవారం ఒక్కరోజే, సాంచలకు ఛుట్టీ. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఎండలో ఓదెమ్మ వెనక గల్లీ పొడుగునా తీగల కింద తల పైకెత్తి నడిచింది. మూడో స్తంభం దాటాక చిటపట వినిపించింది, పోపులో ఆవాలు పేలినట్టు. ఒక మరాఠీ ముసలమ్మ వాకిట్లో నేరేడు చెట్టు. దాని కొమ్మ ఒకటి రెండు తీగల నడుమ దూరి ఉంది. గాలి వీచినప్పుడల్లా ఒక తీగను రెండోదాని మీదికి నెడుతోంది. అవి దగ్గరైనప్పుడు నీలంగా ఒక మెరుపు. ఆ కొమ్మ ఆకులు మాత్రమే అంచులు కాలి ముడుచుకున్నాయి.

ఆ చప్పుడు ఉడతలదనుకున్నానంది ముసలమ్మ. వాకిలి తడిపిననాడు చెట్టుకు చేయి ఆనిస్తే భుజం దాకా జివ్వుమంటోందని, అది తన నరాల జబ్బనుకొని మందు కూడా రాసుకుంటున్నానని చెప్పింది. ఓదెమ్మ వచ్చిన హిందీ, రాని మరాఠీ కలిపి, అది కరెంటని చెప్పి, ప్రాణం మీద ఆశ ఉంటే ఆ చెట్టు దగ్గరికి పోవద్దని ఒట్టు వేయించుకుంది.

బిజిలీ ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది. మూడోసారి కాలిన ఆకులు కొంగులో మూట కట్టి తెచ్చి బల్ల మీద పోసింది. ఆకుల మీద కంప్లేంటు తెచ్చిన బాయిని ఇప్పుడే చూస్తున్నామని అక్కడివాళ్లు నవ్వారు. నవ్వినా, మర్నాడు వైర్‌మన్ వచ్చాడు. లైను ఆపి, కొమ్మలు కొట్టి, వేలాడే తీగలు లాగి బిగించాడు.

అడ్డపట్టీలు ఆగిపోయాయి. పది రోజులు చూసి రాజమౌళి అందరి ముందూ, "తప్పు నాదే బావా" అన్నాడు. బిజిలీ ఆఫీసులో ఓదెమ్మక్కకు కుర్సీ వేస్తారట అని భూషణ్ ఆటపట్టించాడు. ఆమె మొహం వెలిగిపోయింది. లక్ష్మీనర్సయ్య మాత్రం కండె మార్చుకుంటూ తల ఎత్తలేదు.

పదకొండో రోజు తొమ్మిదో నెంబరు తాకా బల్ల మీదికొచ్చింది. అడ్డంగా ఒక్క చారా లేదు. నిలువునా ఉంది. పడుగులో ఒక పోగు తెగి, తెగినట్టే గుడ్డ నేసుకుంటూ పోయిన గీత. మూరలు వేసింది. పది, పన్నెండు, పద్నాలుగు. పదో నెంబరు తాకాలో అలాంటివి రెండు.

ఇలాంటి గీతలు ఆమె ఇంతకు ముందూ చూసింది, రాసింది కూడా. ఆ తీగ మీదే వెలిగే వెనకగది దీపం మిణుకుమిణుకుమంటుంటే తెగిన పోగు మనిషికెట్ల కనబడతదని తనకు తనే చెప్పుకుంది. ఇప్పుడు దీపం నిలకడగానే ఉంది.

తాకా అలాగే వదిలి వెనకగదిలోకి పోయి భర్త వెనక నిలబడింది. సాంచల హోరులో ఆమె వచ్చింది ఆయనకు తెలియలేదు. ఆయన పడుగు వైపు చూడడం లేదు. అరచేతిని పోగుల మీద ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా జరుపుతున్నాడు. ఒకచోట వేలు ఆగింది. తెగిన పోగును తడిమి పట్టుకున్నాడు. ముడివేయడానికి మూడుసార్లు తప్పాడు. ఈలోగా పక్క సాంచలో ఇంకో పోగు తెగి గీత మొదలైంది. అది ఆమెకు అక్కడి నుంచే కనిపించింది.

పని పాలి మారి సాంచలు ఆగాక ఆయన చెప్పాడు. పోయిన ఏడాది పని ఎగ్గొట్టి సర్కారు దవాఖానకు పోయాడట. కంటికి పొర కాదు, కోస్తే పోయేది కాదు, లోపల నరం ఎండిపోతోందన్నారట.

"నాకెందుకు చెప్పలే?" అంది ఓదెమ్మ.

"చెప్తె నువ్వు ఊకుంటవా? దీపం ఊగినన్ని దినాలు తప్పంత దాని మీద పడ్డది. నన్ను దాచిన అడ్డం అదే. నువ్వు దాన్ని కొట్టిపిచ్చినవ్."

తాకా మీద గుర్తు పెట్టినవా అని ఆయనే అడిగాడు. ఇంకా లేదంది. ఇయ్యాల ఊకుంటే రేపు బేపారే పట్టుకుంటాడని, అప్పుడు తాకా చూసిన ఆమె పనీ పోతుందని ఆయన అన్నాడు.

బల్ల దగ్గరికి పోయింది. గీత మొదలైన చోట ఒక గుర్తు, ఆగిన చోట ఒకటి. చీటీ మీద తొమ్మిది అని వేసి కింద నిలువుగీత అని రాసింది. పదో నెంబరుదీ రాసింది.

చీటీలు చూసిన రాజమౌళి ఈసారి అరవలేదు, కునుకు మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం నాలుగు సాంచలూ కనేరి నుంచి వచ్చిన కుర్రవానికి అప్పగించి, బావకు కండెలు చుట్టే పని ఉంచాడు. మర్నాడు పొద్దున లక్ష్మీనర్సయ్య ఆడవాళ్ల వరుసలో పీట వేసుకుని కూర్చున్నాడు. నూలు కొస దొరక్క తడుముకుంటుంటే పక్కనున్న రామవ్వ తీసి చేతిలో పెట్టింది. బల్ల దగ్గర నుంచి ఓదెమ్మ అది చూసింది, చూసి తాకా వైపు తిరిగింది.